గురువారం సీసాలు

నవనీత ఉడికించి ఆరబెట్టిన జొన్నలను గరాటుతో ఖాళీ క్వార్టర్ మందు సీసాల్లో నింపుతోంది. నింపిన సీసాకు దూది బిరడా, దానిపై కాగితం, రబ్బరు బ్యాండు. ఆ తర్వాత గంటన్నర కుక్కర్‌లో ఆవిరి.

“ఇంకో ముప్పై తెచ్చిన,” అంటూ బాలకృష్ణ సంచి దించాడు. ఖాళీ సీసాలు గలగలమన్నాయి.

“పరదా దాటకు!”

“దాటలే తల్లీ. నా నీడ గూడ బయటనే ఉన్నది.”

“జర దూరం జరుగు. నీ ఊపిరి లోపలికొస్తాంది.”

“ఊపిరి ఇంటికాడ పెట్టి రావాల్నా?”

గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ పరదా అవతల అతను చతికిలబడ్డాడు. బాలకృష్ణది ట్రాలీ ఆటో. కిరాయిలు లేని గురువారాల్లో హాలియాలో వైన్‌షాపుల వెనక సీసాలు ఏరి తెస్తాడు. ఆరు వారాల్లో ఊరంతా అతన్ని తాగుబోతుగా ఖాయం చేసింది.

“నిన్న మా మామ పక్కకు పిలిచి, లివరు పోతది బిడ్డా అన్నడు. పుట్టగొడుగుల ఇత్తనానికి మామా అంటే, ఇయాల జర ఎక్కువైనట్టుంది, పోయి పండుకో అన్నడు.”

నవనీతకు నవ్వొచ్చింది. కానీ గోడలోని అర వైపు చూడగానే అది ఆగిపోయింది. పుట్టగొడుగు పోగులు తెల్లటి దూదిలా అల్లుకోవాల్సిన జొన్నలు ఏడు సీసాల్లో పచ్చగా బూజు పట్టాయి.

నల్గొండలో పుట్టగొడుగుల పెంపకం నేర్పిన మేడం, ఒక్కటీ చెడకుండా వరుసగా ఇరవై సీసాలు తెస్తే ఇక నెలనెలా విత్తనం నీ దగ్గరే తీసుకుంటానంది. తండ్రి సాయిలు దీపావళి దాకానే గడువిచ్చాడు. ఆ తర్వాత ఈ గది మళ్లీ మేకలది. మేకలు అరుగు మీద నుంచి రోజూ గుర్తు చేస్తూనే ఉన్నాయి.

ఖరీదైన మిషన్లు కొనే తాహతు లేదు. బట్టల ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, చేతులు పట్టేలా రెండు రంధ్రాలు కోసి, గాలి ఆడని ఆ డబ్బాలోనే, మేడం దగ్గర తెచ్చిన తల్లి విత్తనాన్ని కొద్దికొద్దిగా సీసాల్లోకి మార్చేది. ఇంకు బుడ్డిలో వత్తి వేసి స్పిరిట్ దీపం చేసుకుంది. పని చేసేటప్పుడు ఫ్యాన్ బంద్, కిటికీ బంద్. స్నానం చేసి, తలకు గుడ్డ కట్టి, మోచేతుల దాకా స్పిరిట్ తుడుచుకునేది. అయినా పచ్చబడుతోంది.

“సీసాల మీద తారీఖులు రాసిన,” అంది నవనీత. “ఆదివారం చేసినయి మంచిగున్నయి. చెడినయన్నీ గురువారానివే. నువ్వొచ్చే రోజువే.”

“అంటే బూజు నేనా?”

“ఆటోల గొర్లను, గడ్డిని మోస్తవు. ఇగ రాకు.”

బాలకృష్ణ ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. “సరే,” అని లేచి వెళ్లిపోయాడు. ఆటో స్టార్టయ్యే దాకా నవనీత గరాటు పట్టుకుని అలాగే నిలబడింది.

తర్వాతి గురువారం అతను రాలేదు. వారం తిరిగేసరికి ఆ రోజు చేసిన సీసాలు కూడా పచ్చబడ్డాయి.

మంచం మీద కూర్చున్న అవ్వ సత్తమ్మ, “ఇగ ఎవల్ని తిడ్తవు?” అంది. “చేతులకు గా సారా పూసుకుంటవు. ఎంటనే జడల చామంతులు సర్దుకుంటవు, మొన్న ఆ పోరడు రాకున్నా గంతే. గవే చేతులు డబ్బాల పెడతవు. నెత్తికి గుడ్డ కట్టుకుంటే ముసల్దాని లెక్క కనబడ్తనని గురువారం అదీ కట్టవాయె.”

నవనీత చెవుల దాకా ఎర్రబడింది. “ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదవ్వా?”

“పూలకు గూడ మందు పట్టిస్తున్నవనుకున్న.”

నవనీత ఫోన్ చేసింది. బాలకృష్ణ వచ్చి అలవాటుగా పరదా అవతలే ఆగాడు.

“బూజు నీది కాదు. పూలది.”

“ఏ పూలు?”

“ఆరు వారాలు పెట్టుకున్న! సూడలేదా?”

“గీ పరదాలకెల్లి నువ్వే మసక మసకగ కనిపిస్తవు. పూలేడ కనిపిస్తయి?”

“గురువారమే పెట్టుకున్న,” అంది నెమ్మదిగా.

అతను వేళ్ల మీద వారాలు లెక్కపెట్టాడు. మధ్యలో ఆగి, తెలివితక్కువగా నవ్వాడు.

ఆ రోజు తలకు గుడ్డ బిగించి నవనీత ఇరవై సీసాలు చేసింది. పద్దెనిమిది రోజుల తర్వాత ఇరవైకి ఇరవై వెన్నలా తెల్లబడ్డాయి. సాయిలు ఒక్కో సీసాను వెలుతురుకు పట్టి చూసి, గడ్డం గోక్కుని, మేకలకు కొట్టం వేయడానికి గుంజలు వెతుకుతూ పెరట్లోకి వెళ్లాడు.

“ఇగ మీ ఇంట్ల చెప్పు,” అంది నవనీత పరదా అవతలున్న బాలకృష్ణతో.

“ఏమని చెప్పాలె? నేను తాగుతున్ననని మా అమ్మకు నమ్మకం కుదిరింది. పెండ్లి చేస్తే బాగుపడ్తడని నిన్ననే ఏడ్చింది.”

“పిల్లను సూసిందా?”

“తాగుబోతుకు ఎవలిస్తరని గదా ఆమె ఏడుపు!”

“అయితే ఇంకో వారం తాగు.”

ఇద్దరూ పడీ పడీ నవ్వుతుంటే సత్తమ్మ మంచం దిగింది. కొంగు నడుముకు దోపి, చెప్పులు తొడుక్కుని, బాలకృష్ణ తల్లి గోపమ్మ ఇంటివైపు నడిచింది.