చుక్కాని కింద చుక్కలు

...అయినా తను అన్నదాంట్లో తప్పేముంది? చెక్కని చెక్క అంటే తప్పా? కూతురి జుట్టు పాయలు తీస్తూ ఆమె మళ్ళీ అదే ఆలోచన దగ్గరికి వచ్చింది. ఆమెది మందుల షాపు. అక్కడ ఒక్క అక్షరం తారుమారైతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మాటకి ఉన్న అర్థం ఉన్నట్టే పిల్లకి చెప్పాలనుకోవడం ఆమెకు పంతం కాదు, అలవాటు.

మామూలుగా జడ వేస్తుంటే ఆ పిల్ల ఒక్కచోట నిలవదు. అందుకే ఇంట్లో అందరూ ఉడత అంటారు. ఇవాళ సెలవు రోజు కూడా బొమ్మలా కూర్చుంది.

"నాతో మాట్లాడవా ఏంటే?"

"జడ గట్టిగా వేయకు," అంది ఉడత, గోడకి చెప్పినట్టు.

నిన్న బడి గేటు దగ్గర టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. పడవ బొమ్మ చూపించి, చుక్కాని అంటే ఏమిటని అడిగితే, "పడవ కింద ఉండే పాప. దారంతా తనకే తెలుసు. నిద్రపోతే తట్టి లేపాలి," అందట ఉడత. క్లాసంతా ఒకటే నవ్వులట. ఆ మాట వినగానే ఆమె చెవులు వేడెక్కాయి. ఇంటికొస్తూనే, తాత చదివి వినిపించే పడవ కథల పుస్తకం తీసి బీరువా మీద పడేసింది. "చుక్కాని అంటే పడవని తిప్పే చెక్క. పాపా లేదు, పీపా లేదు," అంది. ఉడత ఏడవలేదు. అదే ఆమెకు ఇంకా మింగుడుపడటం లేదు.

జడ పూర్తి కాగానే పిల్ల గదిలోకి పోయి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

వరండాలో ఆమె తండ్రి పేపరు చూస్తున్నాడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దీ దిద్దీ రిటైరైన మనిషి. చేతిలో పెన్సిలు లేకుండా పేపరు పట్టుకోలేడు.

"ఎవరింటికెళ్ళినా క్యాలెండర్లో తప్పులు వెతుకుతావు కదా నాన్నా, ఈ చుక్కాని పాప తప్పనిపించలేదా నీకు?"

"అనిపించింది."

"మరి?"

"దిద్దబుద్ధి కాలేదు."

"నీకు సరదాగానే ఉంటుంది. బళ్ళో నవ్వులపాలయ్యేది అది."

"బాధపడిందా అది?"

ఆమె దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీయసాగింది.

"అడగలేదు కదూ? నేనడిగాను. నవ్వారంటే నచ్చినట్టేగా తాతా, అంది. పైగా, అది చెక్కేలే, నాకు తెలుసు, అని నన్నే ఓదార్చింది."

"తెలిసే చెప్పిందా? ఇవన్నీ నువ్వు నేర్పినవేగా!"

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. "నాకంత ఊహ ఎక్కడిదమ్మా? నేను అచ్చయినది చదివేవాణ్ణి. పాపని తెచ్చి పడవ కింద పెట్టింది నువ్వు. ఆ పుస్తకం దింపి చూడు."

ఆమె స్టూలెక్కి పుస్తకం దింపింది. పడవ బొమ్మ ఉన్న పేజీ అంచున వెలిసిపోయిన పెన్సిలు రాత: 'తిప్పే చెక్క అని చెప్పాలి.' దాని మీద అడ్డంగా కొట్టివేత. అచ్చులో ఉన్న చుక్కాని అనే మాట కింద మాత్రం వరసగా చుక్కలు.

ఆ చుక్కలు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆయన బల్ల పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్న ప్రూఫు గుర్తు. తొందరపడ్డాను, దీన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచండి, అని అర్థం.

"చుక్కాని అంటే ఏమిటి అనలేదు నువ్వు. ఎవరు నాన్నా, అన్నావు," అన్నాడాయన. "నా సర్వీసు మొత్తంలో చూసి కూడా వదిలేసిన తప్పు అదొక్కటే. మంచం కింద తట్టి, చుక్కానీ లేచావా అని నువ్వడిగితే గానీ కథ మొదలయ్యేది కాదు. తర్వాత ఉన్నట్టుండి ఆ పుస్తకం వద్దన్నావు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు."

ఎందుకో ఆమెకు గుర్తొచ్చింది. చిన్నప్పటి బళ్ళో పొడుగాటి బెంచీ. నిలబడి జవాబు చెబుతున్న తను. చుట్టూ నవ్వులు. వేడెక్కిన చెవులు. పడవ కింది పాపని ఎక్కడో పారేసుకుని, ఆ నవ్వుల్ని మాత్రం ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకుంది. నిన్న గేటు దగ్గర సిగ్గుపడింది ఉడత తల్లి కాదు, ఆ బెంచీ మీది పిల్ల.

"క్లాసులో నవ్వారు నాన్నా." ఆమె వేలు ఆ చుక్కల మీదే ఉంది. "నీకు చెప్పడానికి సిగ్గేసింది."

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. "పిచ్చితల్లీ! నేనేమో, పెద్దదానివైపోయావు, ఇక నాతో పని లేదు కాబోలు అనుకున్నాను. ఉడత వచ్చాక ఆ పుస్తకాన్ని, నీ పాపతో సహా, దాని చేతిలో పెట్టాను. నీ వస్తువేగా."

ఆమె కళ్ళు తుడుచుకుని, పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఉడత ఇంకా గోడవైపే ఉంది. కాని నిద్రపోలేదు, జడ చివర కదులుతోంది. ఆమె ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. నిన్న కోపంలో అన్నాను, తాత చదవొచ్చు, నేనూ వింటాను. అన్నీ మందు సీసాల మీద రాసిన మాటల్లా వినిపించాయి.

నేల మీద కూర్చుంది. మంచం కిందికి చెయ్యి పోనిచ్చింది. చల్లటి చెక్క. ఎలా తట్టేదో మర్చిపోయాననుకుంది, కానీ వేళ్ళు మర్చిపోలేదు.

"చుక్కానీ, లేచావా?" అంటూ ఆమె ఆ చెక్కని మెల్లగా తట్టింది.