జామాయిలు గుంజలు

బంతి వెనక ఉరికిన రవికుమార్ బౌండరీ తాడు దగ్గర ఉన్నట్టుండి కూలబడ్డాడు. ఒక కాలు మోకాలి లోతు గుంతలో ఉంది. మిగతా మనిషి మట్టిలో ఉన్నాడు.

"గీ గుంత తవ్వినోళ్లెవరు?" అని అరిచాడు.

"మేమే." రెండు జడల అమ్మాయి నడుం మీద చేతులేసుకుని వచ్చింది. "గుంజ పాతింది మేము. పీకి పడేసింది మీ క్రికెటోళ్లు. పూడ్చుడు గూడ రాదా?"

అతని చీలమండ వాపు చూడగానే ఆ కోపం కాస్తా పోయింది. కింద కూర్చుని, తన సంచిలోని పట్టీ తీసి గట్టిగా చుట్టింది.

"గుంజలెందుకు మీకు?"

"ఖోఖోకి. వరుసకు రెండు చివర్ల గుంజలుంటెనే తిరిగి ఉరకొచ్చు. ఆదివారం కొత్తగూడెంల జిల్లా టీం సెలక్షన్లు. గీసారి పేరు రాకపోతే ఆట బంద్ అన్నడు మా బాపు."

ఆమె పేరు హేమలత. పాల్వంచ పక్క తండా.

మర్నాడు సాయంత్రం అతను కుంటుకుంటూ వచ్చాడు. తాడుకు అవతల ఇరుకు చోట్లో ఖోఖో నడుస్తోంది. గుంజ లేక సంగీత అనే పిల్లను నిలబెట్టారు.

"నేనెప్పుడు ఉరకాలె అక్కా?" అని సంగీత మూతి ముడిచింది.

"నేను నిలబడతా," అన్నాడు రవికుమార్. "ఎట్లాగూ ఉరకలేను."

"కదలొద్దు మరి," అంది హేమలత.

"గుంజ ఎట్ల కదులుతది?"

ఆమె గాలిలా వచ్చి, అతని మోచెయ్యి పట్టుకుని గిర్రున తిరిగింది. అతనూ తిరిగాడు. తిరిగి పడ్డాడు.

"అక్కా, గుంజ పడ్డదే!" అని సంగీత అరిచింది.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పడ్డవాడూ లేవలేదు, పడేసినదీ నవ్వు ఆపలేదు.

తెల్లారి అతను తమ కెప్టెన్ తిరుపతి దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, ఆ పక్క తాడు ఇరవై అడుగులు లోపలికి జరుపుదాం."

"ఎందుకురా?"

"ఖోఖో పిల్లలకు జాగ దొరుకుతది. మనకు సిక్సులు ఎక్కువ పోతయి."

తిరుపతి తాడు దాకా కళ్లతోనే కొలిచాడు. "అవ్, సిక్సుల మాట నిజమే."

ఆ జాగాలో రవికుమార్ తన చేత్తోనే రెండు జామాయిలు గుంజలు పాతాడు. నాలుగు రోజులు అమ్మాయిలు అలుపు లేకుండా ఆడారు.

ఆదివారం సాయంత్రం హేమలత తండ్రి హరిలాల్‌తో బస్సు దిగి, ఇంటికి పోకుండా గ్రౌండ్‌కే ఉరికొచ్చింది. గుంజ పట్టుకుని రెండు చుట్లు తిరిగింది.

"సెలక్టయిన!"

రవికుమార్ కుంటుకుంటూనే ఎదురొచ్చాడు. ఆమె గొంతు తగ్గింది.

"ఇన్నేండ్ల సంది గీ గ్రౌండ్ల మా దిక్కు చూసినోడు లేడు. నువ్వు చూసినవ్. నీకెన్ని దండాలు పెట్టినా తక్కువే."

"దండాలొద్దు. మళ్ల గుంజలు పీకితే నన్ను పిలుస్తవా?"

"పీకకున్నా పిలుస్త," అంది నేల చూస్తూ.

హరిలాల్ దగ్గాడు. "నీ కాలికున్న పట్టీ మా బిడ్డదే గదా?"

"అవ్ మామా," అనేసి రవికుమార్ నాలుక కరుచుకున్నాడు.

హరిలాల్ అతన్ని ఎగాదిగా చూశాడు. గుంజను ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు.

"గట్టిగనే పాతినవ్," అన్నాడు. "నడువు, ఇంట్ల రొట్టె తిని పోదువు. మామ అన్నంక తప్పుతదా?"

గుంజ ఊగలేదు. పక్కన నిలబడ్డ రవికుమారే కొంచెం ఊగాడు. హేమలత మోచెయ్యి పట్టుకుని ఆపింది.