సిద్దిపేటలో ఒక్కడే పెళ్లికొడుకు

“తొమ్మిదడుగుల పిలగాడు నువ్వేనా?”

నరేందర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. మ్యారేజ్ బ్యూరో గుమ్మంలో తడిసిన గొడుగుతో ఒకమ్మాయి. బయట వాన తగ్గింది గానీ ఆమె కళ్లలో ఇంకా ఉరుముతోంది.

“ఐదడుగుల ఎనిమిదే,” అన్నాడు.

“యాప్ల తొమ్మిదని ఉన్నది. కొలిచి రమ్మని మా అమ్మ టేపిచ్చి పంపింది.” నిజంగానే టేపు తీసింది.

ఆమె సాయిప్రియ, స్టీలు సామాన్ల దుకాణం జ్ఞానేశ్వరి కూతురు. నరేందరేమో బ్యూరో నడిపే వెంకటేశానికి యాప్ చేసిపెట్టినవాడు. పని చేస్తుందో లేదో చూద్దామని తన ఫొటోనే పెట్టి, ఎత్తు తొమ్మిదడుగులని చేతికొచ్చింది కొట్టి, తీసేయడం మరిచాడు. అప్పటికే ఆరుగురు తల్లులు ఫోన్ చేసి, అల్లుడికి మంచం ఎంత పొడుగు చేయించాలని అడిగారు.

“మా అమ్మ రోజూ పది కొట్టంగనే యాప్ తెరుస్తది. తొమ్మిది రోజుల సంది నువ్వొక్కనివే! దేవుడే పట్టుబట్టి చూపెడుతుండని, ఆదివారం మాట ఖాయం చేస్తనంటుంది. పిలగాడు ఎట్లుండాల్నో యాప్ల నేను రాసిన షరతులు గూడ తెల్లారేసరికి మాయం.”

నరేందర్ గుండె గంతులేసింది. ఆ గుండెను కూర్చోబెట్టి సంగతేమిటో చూశాడు.

వెంకటేశం సాయంత్రం కాగానే ఫ్యానూ బల్బూ కంప్యూటరూ అన్నీ మెయిన్ స్విచ్‌తో ఒకేసారి ఆపి షట్టర్ దించుతాడు. ముప్పై ఏళ్ల అలవాటు. పొద్దున పదింటికి స్విచ్ వేస్తే యాప్ కొత్త కంటైనర్‌లో లేస్తుంది. ఆయన తన నోటుబుక్కులోంచి ఒంటివేలితో రోజంతా ఎక్కించిన వరులు గల్లంతు. యాప్ చేసేటప్పుడే అందులో కలిసిపోయిన నరేందర్ ఒక్కడే మిగులుతాడు.

“కంటైనర్ అంటే కిరాయి రూం అసొంటిది. ఖాళీ చేస్తే లోపలి సామానంత పోతది. బయట మన సొంత బీరువాల దాసుకోవాలె. దాన్ని వాల్యూమ్ అంటరు. నేను పెట్టలే.”

“పెట్టనీకి ఎంతసేపు?”

“ఒక్క లైను.”

“మరి పెట్టు!”

నరేందర్ వేళ్లు ఆగిపోయాయి. ఆమె టేపు తీసినప్పుడే అతను మనసు పారేసుకున్నాడు. లైను రాస్తే నోటుబుక్కులో ఉన్న మూడు వందల పన్నెండు మందితో పోటీ. రాయకపోతే ఆదివారం మాట ఖాయం.

“మీ అమ్మకు నేను నచ్చిన కద,” అని నసిగాడు.

“ఒక్కడే ఉంటే నచ్చుడేంది? దుకాణంల ఒక్కటే గిన్నె పెట్టి ఏరుకోమన్నట్టు! అందర్ని చూసి నేను ఏరుకోవాలె.”

అతనికి సిగ్గేసింది. లైను రాశాడు. అంతటితో ఊరుకోక, రెండు రోజులు కూర్చుని నోటుబుక్కులోని వరులందర్నీ ఎక్కించాడు. వాళ్లలో గజ్వేల్ డాక్టరు ఫొటో వంకరగా ఉంటే ఏడుపు దిగమింగుకుని సరిచేశాడు.

“పిచ్చోడా, పగోళ్లకు పౌడరేస్తున్నవా?” అన్నాడు వెంకటేశం.

ఆదివారం బ్యూరో తెరిచేసరికి సాయిప్రియ వచ్చేసింది.

“డాక్టర్ మంచిగున్నడు,” అంది.

“ఉంటడు. ఫొటో నేనే దిద్దిన,” అన్నాడు నరేందర్ నీరసంగా.

“నిన్న ఒకరికి ఇష్టమని నొక్కిన. ఉన్నదో పోయిందో చూడు.”

వెంకటేశం మెయిన్ స్విచ్ లేపాడు. ఫ్యాను తిరిగింది, బల్బు వెలిగింది, యాప్ లేచింది. మూడు వందల పన్నెండు మందీ ఉన్నారు. సాయిప్రియ ఇష్టం మాత్రం నరేందర్ పేరు పక్కన ఉంది.

“నన్నెందుకు?” అని అతను ఆమె వైపు తిరిగాడు.

“పగోని ఫొటో గూడ సక్కగ దిద్దినవని వెంకటేశం సారు నిన్ననే చెప్పిండు. అసొంటోన్ని ఇంకెక్కడ దేవులాడాలె?”

అతను నమ్మలేక స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. అదే పేరు, అదే ఇష్టం. ఇంకోసారి ఆపబోతే సాయిప్రియ అతని చెయ్యి పట్టుకుంది.

“ఎన్నిసార్లు ఆపినా పోదది. మా అమ్మ బయట ఆటోల కూసున్నది. ఇప్పుడు డాక్టరే కావాలంటుంది. నడువు, ఇద్దరం పోయి చెప్దాం.”