బంగారు అంచు కప్పు

పరాయి దేశం వచ్చి రిక్కార్టన్ పేటలో కూరగాయల కొట్టు తెరిచిన నాడు సుశీల్ చేతిలో ఉన్నవి ఒక పాత వ్యాను, ఫిజీలో తాత నేర్పిన తెలుగు, వచ్చిన వాళ్లకు టీ ఇవ్వడానికి ఆరు కప్పులు. ఒకదాని అంచు విరిగింది. అది తనది.

మొదటి శనివారమే గొడవ. నర్సు బెట్సీ వాళ్లమ్మ గ్రేసమ్మతో వచ్చింది. సుశీల్ టీ పోయబోతే గ్రేసమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు గ్లాసు తీసింది.

"కప్పులు కడిగినవే ఆంటీ. ఫిజీ వాళ్లవని తాగరా?"

"అమ్మకది అలవాటు. మీ తెలుగులాగే మీ కోపమూ వందేళ్ల నాటిది," అంది బెట్సీ కరివేపాకు ఏరుకుంటూ.

ఆ తర్వాత ప్రతి శనివారం బెట్సీ కరివేపాకుకే వచ్చేది. ఒకసారి వాన పడితే అరటిపళ్ల అట్టపెట్టె ఆమె తల మీద పట్టి కారు దాకా నడిచాడు. తను పూర్తిగా తడిశాడు. నష్టమనిపించలేదు.

ఆరు నెలలకు, పెళ్లి మాట ఎత్తేముందు పెద్దావిడను మెప్పించాలని బంగారు అంచున్న కప్పొకటి కొన్నాడు. బెట్సీకి, తనకు మామూలు కప్పులు పెట్టి, అది గ్రేసమ్మ ముందు పెట్టాడు.

ఆమె మూడు కప్పులూ చూసింది. టీ ముట్టుకోకుండా లేచింది. "బెట్సీ, పద."

మర్నాడు బెట్సీ ఒక్కతే వచ్చింది.

"మా ఊరి టీ బడ్డీలో మా వాళ్లకు గ్లాసులు విడిగా పెట్టేవాళ్లు సుశీల్. వాటిలో తాగలేక పదేళ్లప్పుడే అమ్మ సొంత గ్లాసు పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లకు నువ్వు మళ్లీ విడిగా పెట్టావు."

"నేను పెట్టింది అన్నిటికన్నా మంచిది కదా."

"పైన పెట్టినా కింద పెట్టినా, మన పక్కన పెట్టలేదు కదా."

సుశీల్ బంగారు అంచు కప్పును బల్ల మీంచి తీసేశాడు. "మా ముత్తాతలను చెరకు తోటల కూలికి ఫిజీ తెచ్చిన ఓడలో అందరికీ ఒకే బానలో వండారట. దిగాక కులం అడగడం మానేశామని తాత అనేవాడు. నాకు తట్టలేదు బెట్సీ. అమ్మను ఇంకొక్కసారి తీసుకురా."

శనివారం తల్లీకూతుళ్లిద్దరూ వచ్చేసరికి ఆరు కప్పులూ ఒకే పళ్లెంలో పెట్టాడు.

"ఏదైనా తీసుకోండి ఆంటీ."

గ్రేసమ్మ విరిగిన కప్పు అందుకుంది. "ఇదెవరిది?"

"నాది."

"మరి నువ్వు?"

"మీ గ్లాసు ఇస్తారా?"

బ్యాగు తెరవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. గ్లాసు అందుకుని టీ పోసుకోగానే సుశీల్ వేళ్లు చురుక్కుమన్నాయి. అయినా దించలేదు.

"పై అంచు పట్టుకో నాయనా, కాలదు," అంది గ్రేసమ్మ. "ఆ బంగారు కప్పు మా బెట్సీ కోసమేగా? దీన్ని అడిగావా?"

"ముందు మిమ్మల్ని అడుగుదామని."

"ముందు దాన్ని అడుగు. నేను పక్కన కూర్చుంటాను."

సుశీల్ తిరిగేలోపే బెట్సీ అంది: "మా ఫ్రీజర్ నిండా ఆరు నెలల కరివేపాకు ఉంది. ఇంకేం అడుగుతావు?"

చివరికి తేలిన లెక్క ఇది. బంగారు కప్పులో ఇప్పుడు పెన్నులుంటాయి. ఆరు కప్పుల పక్కన ఒక స్టీలు గ్లాసు చేరింది. గ్రేసమ్మ బ్యాగు తేలికైంది.