హోటల్ అంటే ఏ హోటల్?

ఆత్మకూరు సేఫ్‌హౌస్‌లో చీఫ్ రామనారాయణ ఏజెంట్ దయాసాగర్ ముందు టేబుల్ మీద ఒక ఫొటో పెట్టారు. కళ్లద్దాల అమ్మాయి, నవ్వుతోంది.

“చైత్ర. మిసైల్ గైడెన్స్ ఇంజనీర్. ఉదయగిరి ఆస్పత్రిలో వాళ్ల అవ్వ దగ్గరుంది. రేపు పొద్దున చైత్రను లేపేస్తారు. విషం.”

“ఎవరు సార్?”

“ఫారిన్ గ్యాంగ్. దొరికిన ఆర్డర్ ఇంతే: ‘టార్గెట్. ఉదయగిరి. హోటల్.’ పని చేసేది అక్కడికి దగ్గర్లోని సీతారామపురం మనిషి, మాల్యాద్రి. ఫొటో లేదు. మనవాళ్లు లాడ్జీలన్నీ జల్లెడ పడుతున్నారు.”

“ఆ అమ్మాయికి చెప్పారా?”

“చెబితే గ్యాంగ్ జారుకుంటుంది.”

దయాసాగర్ తల ఊపాడు. వేరే ఎవరైనా అయితే చీఫ్ మీద మండిపడేవాళ్లు. దయాసాగర్‌కు మంట లేదు. భార్య రూబీ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి భయం, ఆకలి, కోపం ఏదీ ఒంటికి అంటడం లేదు. డిపార్ట్‌మెంట్ దాన్ని ధైర్యమనుకుని మెడల్ కూడా ఇచ్చింది.

“లాడ్జీలు దండగ సార్. మాది ఉదయగిరే. మావైపు హోటలంటే పడుకునేది కాదు, తినేది.”

చీఫ్ ఒక చెక్క స్పూన్ అందించారు. ఉదయగిరి పనివాళ్లు చెక్కిందే. కొనలో మాత్రం ల్యాబ్ వాళ్ల పూత ఉంది. విషం తగిలితే నల్లబడుతుంది.

తెల్లారేసరికి దయాసాగర్ మాసిన లుంగీ, పెట్టుడు గడ్డంతో గొర్రెల బేరగాడై ఉదయగిరి ఆస్పత్రి దగ్గరి కరీంబీ హోటల్లో కూర్చున్నాడు. పక్క బెంచీ మీద ఒక బక్కమనిషి టీ మీద టీ తాగుతున్నాడు.

కారు ఆగింది. చలువ కళ్లద్దాలు, సెంటు ఘుమఘుమ. షీరీన్. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. చెక్క గరిటెలు కొనే ఎక్స్‌పోర్టర్ వేషం. ఎదురుగా కూర్చుంది.

“నర్ది చెక్క గరిటెలు దొరుకుతాయా?” కోడ్.

“చింత చెక్కవే ఉండాయి.” జవాబు.

ఆమె గొంతు తగ్గించింది. “తప్పు చోట కూర్చున్నావు. మా గ్యాంగ్ బాస్‌కు పాత మాటల పిచ్చి. ఏ ఇంగ్లీష్ మాటనైనా పాత అర్థంలోనే వాడతాడు. లాటిన్‌లో అతిథి అనే మాట నుంచే హాస్పిటల్, హాస్టల్, హోటల్ పుట్టాయి. ఫ్రెంచివాళ్లు ఒకప్పుడు ఆస్పత్రినే హోటల్ అనేవాళ్లు.”

దయాసాగర్ లేచి పరుగెత్తాడు. వార్డులో ముసలామె నిద్రపోతోంది. పక్కన కుర్చీ ఖాళీ.

“చైత్ర ఏదమ్మా?”

నర్సు రజిని విసుక్కుంది. “ఇప్పుడే హోటల్‌కు పోయిందన్నా, అవ్వకు ఇడ్లీ తెస్తానని.”

అప్పుడు తట్టింది. ఆర్డర్ ఇచ్చినవాడు లాటిన్ చదివాడు సరే, అందుకున్నవాడిది సీతారామపురం! వాడికి హోటలంటే ఒకటే. పక్క బెంచీ మీదవాడు పొద్దుట్నుంచీ గిరాకీ కోసం కాచుకున్నది అందుకే.

ఆయాసపడుతూ వచ్చేసరికి చైత్ర ఆ బక్కమనిషి పక్కనే పార్శిల్ కోసం నిలబడి టీ గ్లాసు పెదవుల దగ్గరకు తీసుకుంటోంది. అరిస్తే అర్థమయ్యేలోపు మింగేస్తుంది. దయాసాగర్ గ్లాసును చేత్తో కొట్టాడు. పొగలు కక్కే టీ అతని చేతి మీదే ఒలికింది. గ్లాసు అడుగున మిగిలిన టీలో స్పూన్ ముంచాడు. నల్లబడింది.

బక్కమనిషి రోడ్డెక్కి ఉరికాడు. కారులో కూర్చున్న షీరీన్ డోర్ తెరిచింది. అది వాడి మోకాళ్లకు తగిలింది.

“హోటలన్నారు, హోటల్‌కే వచ్చినాను గదా!” కింద పడి మాల్యాద్రి ఏడుపు. “నా తప్పేందిరా?”

చైత్ర బెంచీ మీద కూలబడింది. కరీంబీ దయాసాగర్ చేతి మీద చల్లటి నీళ్లు పోసింది. “మండుతా ఉండాదా నాయనా?”

మండుతోంది. రెండేళ్ల తర్వాత అతనికి ఒక నొప్పి తెలిసింది. అది చేతితో ఆగలేదు. రూబీ ఉంటే ఈపాటికి ఎంత తిట్టేదో గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. ఆకలి కూడా వేసింది.

ఫోన్ మోగింది. చీఫ్.

“వెల్‌డన్ దయా! రెస్ట్ తీసుకో. నీకు మంచి హోటల్ బుక్ చేయిస్తాను.”

దయాసాగర్ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాడు.

“ఏ హోటల్ సార్?”