మంచు గట్టిపడేదాకా

ఆర్కిటిక్ దాకా పోయే డెంప్‌స్టర్ రోడ్డు మీద ఇప్పుడు ఎవర్ని చూసినా ఫోటోలు దిగుతున్నారు. మా రోజుల్లో టైర్లు మార్చుకునేవాళ్ళం.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సొంతూరు అక్లావిక్. డాసన్‌లో లారీకి బంగాళాదుంపలు, పిండి బస్తాలు ఎత్తించుకుని ఇనువిక్ దాకా తోలడం నా పని. రోడ్డంతా కంకర. ఆ కంకర మీద లారీని గుర్రంలా పరిగెత్తించడం నాకు అదో గొప్ప.

ఒకరోజు దారి మధ్యలో ఈగిల్ ప్లెయిన్స్ హోటల్లో కూర్చుని సూప్ తాగుతున్నాను. తలుపు తెరుచుకుంది. చలిగాలితోపాటు ఒకమ్మాయి లోపలికొచ్చింది. టోపీ మీద, జుట్టులో, కనురెప్పల మీద కూడా దుమ్ము.

"బయటున్న ఆ తెల్ల లారీ ఏ మహానుభావుడిది?"

అందరూ నావైపు చూశారు. చెంచా కింద పెట్టాను.

"నాదే. ఏం?"

"ఓగిల్వీ నది దగ్గర ఒక పచ్చ పికప్‌ను దాటావు, గుర్తుందా?"

"దాటి ఉంటాను. నెమ్మదిగా పోతోంది."

"నెమ్మదిగా పోతే రాళ్ళు విసురుతావా? రా, వచ్చి చూడు!"

వెళ్ళి చూశాను. పికప్ ముందు అద్దంలో డ్రైవరు ఎదురుగా గుప్పెడంత కన్నం. మిగతా అద్దమంతా సాలెగూడు.

"ఇలాగే వచ్చావా ఇంత దూరం?"

"లేదు, ఎగిరొచ్చాను."

హోటల్ పక్క మెకానిక్ పెదవి విరిచాడు. కొత్త అద్దం డాసన్ నుంచి రావాలట, వారం పైన పడుతుందట. అది వినగానే ఆ అమ్మాయి ముఖంలో కోపం పోయింది. దాని బదులు దిగులు కనిపించింది.

ఆమె పేరు ఎఫీ. వైట్‌హార్స్‌లో నర్సు చదువుతోంది. ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లో వాళ్ళ జిజూకి, అంటే అమ్మమ్మకి, ఒంట్లో బాగాలేదని కబురొస్తే బయల్దేరింది. ఆ ఊరికి ముందున్న పీల్ నదిలో అప్పటికే మంచు పలకలు కొట్టుకొస్తున్నాయి. బళ్ళను దాటించే ఫెర్రీ ఇవాళో రేపో ఆపేస్తారు. ఆపేస్తే మళ్ళీ నది గడ్డకట్టేదాకా అవతలికి దారి లేదు.

"నా లారీలో రా. దింపుతాను," అన్నాను.

"అద్దం పగలగొట్టినవాడి బండెక్కాలా నేను?"

"పోనీ నడుస్తావా?"

ఎక్కింది. తలుపు ఎంత గట్టిగా వేసిందంటే లారీ అంతా ఊగింది.

ఆర్కిటిక్ వృత్తం బోర్డు దగ్గరికొచ్చాం. అక్కడ మామూలుగా అందరూ ఆగుతారు. నేను ఆపబోతే, "బోర్డు ఎక్కడికీ పోదు. నడుపు," అంది. అయినా తలతిప్పి అద్దంలోంచి దాన్నే చూసింది.

"చిన్నప్పుడు నాన్న ఇక్కడ ఆపి మమ్మల్ని గీత మీద నిలబెట్టేవాడు. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. ఏదీ, గీత కనపడదేం అని ఏడ్చేదాన్ని."

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"పీల్ నది మీద ఫెర్రీ నడుపుతాడు."

"కెప్టెన్ ఎజ్రా? ఆ గడ్డమాయన?"

"ఆయనే. అద్దం సంగతి ఆయనకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అప్పుడు నవ్వింది మొదటిసారి. నవ్వితే ఎడమ బుగ్గ మీది దుమ్ము చిన్న గీతలా విడిపోయింది. ఆ గీతను చూస్తూ ఒక గుంటలో దింపాను లారీని.

"రోడ్డు అటుంది," అంది.

రిచర్డ్‌సన్ కొండల్లో గాలి లారీని పక్కకి తోస్తోంది. కనుమ దిగుతుంటే ఎదురుగా రోడ్డు కదులుతున్నట్టనిపించింది. కారిబూ జింకల మంద. కొండ వాలంతా కొమ్ములే. ముందు నడిచేవి అప్పుడే కంకర మీద కాలు పెడుతున్నాయి.

హారన్ కొడితే చెదిరిపోతాయి. మాకు దారి దొరుకుతుంది. నదిలో మంచు మాత్రం మా కోసం ఆగదు. చెయ్యి హారన్ దాకా పోయింది. ఎఫీ వంక చూశాను.

ఆమె పెదవి కొరుక్కుంటోంది. "ముందు నడిచేవాటిని పోనివ్వాలి," అంది మెల్లగా. "వాటిని బెదిరిస్తే వెనకవి దారి తప్పుతాయి. జిజూ నేర్పింది. బెదరగొట్టి వచ్చానని తెలిస్తే నా ముఖం కూడా చూడదు."

ఇంజను ఆపేశాను. గిట్టల టకటక తప్ప ఏ చప్పుడూ లేదు. వాటి ఊపిరి ఆవిరిలా రోడ్డంతా కమ్ముకుంది. ఎఫీ ఏడుస్తోందని ఆలస్యంగా గమనించాను. సంచిలోంచి ఎండుచేప తీసి ఇచ్చాను. ఏడుపు మధ్యలోనే అందుకుంది.

"ఇది మీ అమ్మ చేసిందా?"

"నేనే చేశాను."

"ఉప్పెక్కువైంది," అని మొత్తం తినేసింది.

నది చేరేసరికి పొద్దు వాలుతోంది. ఫెర్రీ మా గట్టునే ఉంది, కానీ దాని చుట్టూ మంచు పలకలు కరకరమని రాసుకుంటున్నాయి. ఎజ్రా నా లారీని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదే ఆఖరి ట్రిప్పు. మనుషులే. ఇంత బరువుతో ఈ మంచులో తిరగలేను."

ఎఫీ తన సంచి భుజాన వేసుకుంది. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. చెప్పాల్సినవి నోటి దాకా వచ్చి వరసలో నిలబడ్డాయి.

"అద్దం నేను వేయిస్తాను," అన్నాను.

"సరే. ఇంకేమన్నా చెప్పాలా?"

"చలిగా ఉంది, జాగ్రత్త."

ఒక్క క్షణం నన్ను చూసి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఫెర్రీ కదిలింది. నీళ్ళు వెడల్పవుతుంటే నాకు పిచ్చెక్కినట్టయింది. లారీలోకి దూకి, ఫెర్రీకి కూడా వినపడే రేడియో మైకు అందుకున్నాను.

"ఎఫీ! నువ్వంటే నాకు ఇష్టం. పొద్దున్న కాదు, పొద్దున్న నువ్వంటే భయమేసింది. కనుమ దగ్గర్నుంచి ఇష్టం. విన్నావా?"

రేడియో గరగరలాడింది. తర్వాత లావుపాటి గొంతు వచ్చింది.

"అమ్మాయి డెక్ మీద ఉంది. విన్నది నేను."

మైకు ఇంకా నోటి దగ్గరే పట్టుకుని ఉన్నాను.

"నాకిప్పుడు తీరిక లేదబ్బాయ్. మంచు తోసుకోవాలి. నది గట్టిపడ్డాక వచ్చి నువ్వే చెప్పుకో."

ఆ రోజుల్లో అక్కడ ప్రతి ఇంట్లో ఇలాంటి రేడియో మోగుతూనే ఉండేది. నేను లారీ తిప్పుకునేలోపే ఊరంతటికీ తెలిసిపోయింది.

ఆ ఏడాది ఎదురుచూసినంతగా చలి కోసం నేనెప్పుడూ ఎదురుచూడలేదు. పికప్‌కు అద్దం వేయించాను. దుమ్ము తుడిచాను. మళ్ళీ తుడిచాను. నది మీది మంచు దారి ముందుగా తేలిక బళ్ళకు తెరిచారని తెలియగానే, లారీని ఈగిల్ ప్లెయిన్స్‌లో వదిలేసి పికప్‌లో నది దాటాను. చక్రాల కింద మంచు పటపటమంటుంటే నా గుండె అంతకన్నా గట్టిగా కొట్టుకుంది.

ఊళ్ళో కొట్టు ముందు ఇద్దరు ముసలమ్మలు నన్ను ఆపారు.

"రేడియో అబ్బాయివి నువ్వేనా?"

"అవును."

"గొంతు విని ఇంకా పొడుగుంటావనుకున్నాం," అని నవ్వుకుంటూ పోయారు.

ఎజ్రా వంటింట్లో పొయ్యి పక్కన జిజూ కూర్చుని ఉంది, భుజాల మీద దుప్పటి, చేతిలో టీ. చిక్కిపోయింది కానీ కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఎఫీ నా వైపు వీపు పెట్టి బానక్ రొట్టెకు పిండి పిసుకుతోంది. తిరిగి చూడలేదు.

"గట్టిపడింది," అన్నాడు ఎజ్రా. "చెప్పుకో."

"నాకు... ఎఫీ అంటే ఇష్టం."

"ఏమంటున్నాడు?" అంది జిజూ.

"అమ్మమ్మకి వినపడలేదు. గట్టిగా చెప్పు," అంది ఎఫీ గోడతో.

"నాకు ఎఫీ అంటే ఇష్టం!"

"ఆఁ?"

"ఎఫీ అంటే ఇష్టం! పెళ్ళి చేసుకుంటాను!" కిటికీ అద్దాలు అదిరాయి.

జిజూ టీ కింద పెట్టింది. "అంత అరుస్తాడేం? నేనేమన్నా చెవిటిదాన్నా?"

ఎజ్రా గడ్డం వెనక దాక్కుని నవ్వుతున్నాడు. జిజూ వేలితో మనవరాల్ని చూపించింది.

"దీన్నడుగు. రోజూ గొడ్డలి పట్టుకుని నది మీదకి పోయి మంచు మందం చూసొచ్చింది. ఎప్పుడు గట్టిపడుతుంది, ఎప్పుడు గట్టిపడుతుంది అని నా ప్రాణం తీసింది."

"అది చేపల కోసం జిజూ!" ఎఫీ గిర్రున తిరిగింది. చెవులు ఎర్రగా కందాయి. ముక్కు మీద పిండి.

"చేపలకట! వలలు ఇంకా షెడ్డులోనే పడున్నాయి."

ఇక ఎవరం ఆపుకోలేకపోయాం. ముందు ఎజ్రా, తర్వాత నేను, చివరికి ఎఫీ కూడా. ఆ వంటింటిని తలుచుకుంటే ఇప్పటికీ కాలిన పిండి వాసన వస్తుంది నాకు. ఆ రోజు రొట్టె మాడిపోయింది మరి.

"అయితే మరి నీ మాటేంటి?" అన్నాను ఎఫీతో.

"చదువు పూర్తి చేస్తాను. ఆ తర్వాతా ఇక్కడే ఉంటాను. నువ్వు కంకర మీద నెమ్మదిగా నడపాలి." ముక్కు తుడుచుకుంది. "ఒప్పుకుంటే, సరే."

"ఒప్పుకున్నాను."

జిజూ మళ్ళీ టీ అందుకుంది. "అవతలి గట్టు చుట్టాలు బళ్ళలో రావాలి కదా. వసంతంలో నది మీద మంచు పగలకముందే పెళ్ళి కానిచ్చెయ్యండి."

కానిచ్చేశాం.