గిన్నె అంచు మీద ఒక్క గీత

నవ్వకు. నిన్నే. అద్దం ముందు నిలబడి, కత్తిని సానరాయి మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగి, "పదునొచ్చేసింది" అని మడిచి పెట్టేవాడివి నువ్వు. పదునంటే ఏమిటో నీకు తెలియదు. అది తప్పు కాదు, నేర్చుకోవచ్చు. కానీ పదును తెలిసినవాడి చేతిని చెడగొట్టడం ఉంది చూశావూ... అది తప్పు. దానికి ఒక ఇల్లు సాక్ష్యం. కుదురుగా కూర్చుని విను.

మా వీధి చివర ఒక సందు ఉండేది. సందులో ఒకటే ఇల్లు. ముందు గది కటింగు షాపు. వెనక గది ఖాళీ. రెంటికీ మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు నడవా. వెనక గది కిటికీ సందులోకి ఉండేది. చీకటి పడ్డాక ఆ కిటికీ కిందుగా ఎవరూ నడిచేవారు కాదు. పాలవాడు చుట్టూ తిరిగి వచ్చేవాడు. గస్తీవాడు సందు మొదట్లోనే కర్రతో నేల మీద ఒకటి కొట్టి, తన ఉద్యోగం అయిపోయిందన్నట్టు వెనక్కి తిరిగేవాడు.

ఎందుకంటే, మూసి ఉన్న ఆ గదిలోంచి చప్పుడు వచ్చేది.

స్స్... స్స్... స్స్...

రాయి మీద కత్తి నడిచే చప్పుడు. పదిసార్లు నడిచి ఆగేది. ఆ తరువాత — టిక్, టిక్. కత్తి వీపుతో ఇత్తడి గిన్నె అంచు మీద రెండు దెబ్బలు. మళ్ళీ స్స్...

ఆ రెండు దెబ్బలు ఎవరివో వీధి మొత్తానికి తెలుసు. అవి పెద్దాయనవి.

పెద్దాయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

షాపు అన్నదమ్ములిద్దరిది. పెద్దాయన అంటే అన్న. నేను ఆయన చేత గీయించుకున్నవాణ్ణి. కత్తి చెంప మీద నడిచిందో లేదో మనం తడిమి చూసుకోవాలి, అంత మెత్తని చెయ్యి. ఆయన కత్తిని షాపులో నూరేవాడు కాదు. రాత్రి భోజనమయ్యాక, వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని నూరేవాడు. రాయి తడిపి, కత్తి వీపూ అంచూ రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి, అంచు ముందుకు పోయేలా తోసేవాడు. చివర తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పేవాడు, అంచు మీద ఎన్నడూ తిప్పలేదు. ఒత్తేవాడు కాదు. "కత్తికి దాని బరువు చాలురా. నీ కోపం కూడా దాని మీద పెట్టకు" అని తమ్ముడికి చెప్పేవాడు. పది తోపులకొకసారి గిన్నె అంచు మీద టిక్ టిక్‌మని నీళ్ళు దులిపేవాడు. అంతా అయ్యాక ముంజేతి మీద వెంట్రుకకి ఆనించి చూసేవాడు. వెంట్రుక చప్పుడు లేకుండా రాలితే, తోలుపట్టీ మీద నాలుగు లాగులు లాగి, మడిచి గూట్లో పెట్టేవాడు.

పొద్దున మాత్రం మళ్ళీ పరీక్షించేవాడు కాదు. "రాత్రి నా చెయ్యి ఒప్పుకుంది. తెల్లారి లేచి దాన్ని అనుమానించనా?" అనేవాడు. అది గర్వమే. నేను దాన్ని వెనకేసుకురాను.

తమ్ముడి సంగతి వేరు. షాపు మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతూ నూరేవాడు. జనం నోరు ఊరుకుంటుందా?

"తమ్ముడు గీస్తే గడ్డం తెగదురా, భయపడి లోపలికి పోతుంది!"

అందరితో పాటు తానూ నవ్వేవాడు. ఆ నవ్వు పళ్ళ దాకానే. షాపులో రెండు కుర్చీలు. వెలుతురు పడే కిటికీ పక్క కుర్చీ అన్నది. మిల్లు యజమాని రోజూ పొద్దున్నే వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. ఆయన ఎక్కడ కూర్చుంటే ఊళ్ళో పెద్దలంతా అక్కడే. తమ్ముడికి ఆ కుర్చీ కావాలి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. పన్నెండేళ్ళు వదిన చేతి ముద్ద తిన్నాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టాడు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది తమ్ముడే చాలా ఏళ్ళ తరువాత నాకు చెప్పాడు.

ఒక రాత్రి అన్న కత్తి నూరి, గూట్లో పెట్టి, పడుకున్నాడు. తమ్ముడు చప్పుడు కాకుండా వచ్చాడు. కత్తి విప్పాడు. దాని అంచుని ఇత్తడి గిన్నె అంచు మీద ఆనించి — ఒక్కసారి గీశాడు. కంటికి కనపడనంత నొక్కు పడింది. కత్తి మడిచి మళ్ళీ గూట్లో పెట్టేశాడు.

తెల్లారింది. మిల్లు యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. అన్న నురగ రాసి, కత్తి విప్పి, చూడకుండానే గొంతు దగ్గర నుంచి మొదలుపెట్టాడు.

నురగ ఎర్రబడింది.

"ముసలాడా! చంపుతావా ఏం?"

అన్న కత్తి వంక చూడలేదు. తన చేతి వంక చూసుకున్నాడు. అప్పుడు తమ్ముడు దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా గుసగుసలాడాడు.

"అన్నయ్యా... నీ చెయ్యి వణుకుతోంది. నేను చూస్తూనే ఉన్నాను... చాన్నాళ్ళ నుంచి."

కత్తికి చేసింది ఒక పాపం. ఈ మాట రెండోది. రెండోదే పెద్దది.

అన్న నమ్మాడు. ఆ రాత్రి కత్తిని మళ్ళీ నూరాడు. నూరడంతో ఆ నొక్కు కాస్తా పోయింది. వెంట్రుక ఆనిస్తే రాలింది. కత్తిలో తప్పు లేదు, అయితే తప్పు చేతిదే అనుకున్నాడు. మళ్ళీ షాపులో అడుగుపెట్టలేదు. రాత్రంతా కూర్చుని నూరేవాడు, చెయ్యి పైకెత్తి దీపానికి పెట్టి చూసుకునేవాడు, మళ్ళీ నూరేవాడు. మూడు నెలల్లో మంచం పట్టాడు. మంచం దిగకుండానే మరో మూడు నెలలకి పోయాడు.

వదిన వెనక గదికి పెరటి వైపు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, మూడు వీధుల అవతల చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నడవా వైపు గడియ తమ్ముడు వేశాడు. కిటికీ పక్క కుర్చీ అతనిదైంది.

నెల తిరక్కుండానే... స్స్... స్స్...

మొదట ఎలుకలన్నాడు. ఎలుకలు పది లెక్కపెట్టి ఆగుతాయా? తలగడ చెవుల మీద పెట్టుకుని పడుకున్నాడు. తలగడలోంచీ వినిపించింది. టిక్, టిక్. నిద్ర కరువైంది. నిద్ర లేని చెయ్యి కుదురుగా ఉంటుందా? గాట్లు పడసాగాయి. ఒక ఆదివారం పొద్దున మిల్లు యజమాని గడ్డం తుడుచుకుంటూ తువ్వాలు మీద రక్తం చూశాడు.

"మీ అన్న చెయ్యే వచ్చినట్టుంది నీకూ. రేపు ఇంకో గాటు పడిందంటే, ఈ గడప తొక్కను."

ఆ రాత్రి నిద్రపోయి తీరాలి. లేదా కుర్చీ పోతుంది.

నడిరాత్రి చప్పుడు మొదలైంది. ముందు గదిలో పడుకున్న తమ్ముడు లాంతరు పట్టుకుని లేచాడు. నడవాలో అడుగు పెట్టాడు. చప్పుడు ఆగలేదు. ఇంకో అడుగు. స్స్... స్స్... గోడ పట్టుకుంటే చల్లగా ఉంది. తలుపు దాకా వెళ్ళాడు. తలుపు సందులోంచి సన్నటి వెలుగు. గడియ తీసి, తలుపు బెత్తెడు తోశాడు.

కిటికీ పక్కన... ఇటు వీపు పెట్టి... అన్న దుప్పటి కప్పుకుని ఎవరో కూర్చున్నారు. భుజం ముందుకీ వెనక్కీ కదులుతోంది.

టిక్. టిక్.

లాంతరు చేతిలోంచి జారి ఆరిపోయింది. తమ్ముడు గడప మీదే కూలబడ్డాడు.

"అన్నయ్యా... నేనే... గిన్నె అంచు మీద నేనే గీశాను... ఒక్కసారే... ఒక్కసారే అన్నయ్యా... ఆపు..."

భుజం ఆగింది.

"ఒక్కసారేనా, మరిదీ?"

దుప్పటి జారింది. ఆమె ఇటు తిరిగింది.

వదిన.

ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉందని అతనికి తెలుసు. తెలిసినా ఆలోచన అటు పోలేదు. తప్పు చేసినవాడి ఆలోచన ముందు దెయ్యం దగ్గరికే పోతుంది.

"ఆయన కత్తి తుప్పు పట్టకూడదని నూరుతున్నాను" అంది వదిన. "నిన్ను భయపెట్టాలని కాదు. చేసినవాడివి నువ్వని ఈ నిమిషం దాకా నాకు తెలియదు."

వదిన కత్తి నీళ్ళు దులిపి, అతని వంక చూసింది.

"ఆ రోజు ఆయన చెయ్యి వణికిందా?"

"లేదు."

"లోపలికి రా. ఆ పీట మీద కూర్చో. గడ్డం పెరిగింది నీకు."

"వదినా... వద్దు..."

"కూర్చోరా."

కూర్చున్నాడు. కాళ్ళు వాటంతటవే కూర్చున్నాయి అన్నాడు నాతో. ఆమె గిన్నెలో నురగ చేసి రాసింది. కత్తి విప్పి గొంతుకి ఆనించింది. ఇనుము మంచుగడ్డలా ఉంది.

"చివరి మూడు నెలలూ మీ అన్నయ్యకి నేనే గీశాను. తన చెయ్యి మీద తనకి నమ్మకం లేకుండా చేశావు కదా. నూరడం, గీయడం మంచం మీద నుంచే నేర్పాడు." కత్తి కదిలింది. "వణక్కు. నా చెయ్యి వణకదు. నువ్వు వణికితేనే తెగుతుంది."

కుడి చెంప అంతా గీసింది. ఒక్క గాటు పడలేదు. అన్న గీసినట్టే ఉంది, అంత మెత్తగా. అక్కడితో ఆపి, కత్తి తుడిచి, మడిచింది.

"మిగతా సగం నువ్వు గీసుకో. చెయ్యి వణక్కుండా గీసుకోగలిగిన రోజు వచ్చి చూపించు. ఈ కత్తి నీకే ఇస్తాను."

రాయీ గిన్నే కత్తీ మూట కట్టుకుంది. తమ్ముడు పీట మీద నుంచి లేచాడు.

"ఏడు నెలలు... ప్రతి రాత్రీ నన్నిలా చంపుకుతిన్నావు కదా వదినా..."

ఆమె పెరటి తలుపు దగ్గర ఆగింది.

"ప్రతి రాత్రీ ఏమిటి? నాకు వేరే పని లేదనుకున్నావా? ఆదివారం ఆదివారం వస్తాను. తుప్పు పట్టకుండా ఉండడానికి అది చాలు."

వెళ్ళిపోయింది. ఇంక ఆ ఇంటికి రాలేదు.

సోమవారం రాత్రి, రాయి లేని, గిన్నె లేని, ఖాళీ గదిలోంచి — స్స్... స్స్... పది. టిక్, టిక్.

అది తమ్ముడి చెవిలో చప్పుడే అని నువ్వంటావు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ సోమవారం రాత్రి గస్తీవాడు కూడా విన్నానన్నాడు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

అంతకుముందు, ఆ సోమవారం పొద్దున్నే, మిల్లు యజమాని వచ్చాడు. సగం గీసి, సగం మాసిన ఆ ముఖం చూసి గడప బయటి నుంచే వెనక్కి తిరిగాడు. ఆయన వెనక ఊళ్ళో పెద్దలూ తిరిగారు. ఆ నెలలోనే షాపు మూతపడింది. కుర్చీ మిగిలింది, కూర్చునేవాడు లేడు.

తమ్ముడు ఇంకా పందొమ్మిదేళ్ళు బతికాడు. రోజూ పొద్దున్నే ఆ కిటికీ పక్క కుర్చీలో తానే కూర్చుని, ముఖానికి నురగ రాసుకుని, తన కత్తి గొంతు దాకా ఎత్తేవాడు. చెయ్యి వణికేది. నురగ ఎండి రాలిపోయేదాకా అలాగే కూర్చుని, నీళ్ళతో కడుక్కుని లేచేవాడు. గడ్డం గీసి బతికినవాడు, బొడ్డు దాకా పెరిగిన గడ్డంతో పోయాడు.